70 మీటర్ల దగ్గర ఆగిన డిష్

సోవియట్ యూనియన్ 1970ల చివర క్రిమియాలోని యెవ్‌పతోరియాలో అంతరిక్ష నౌకలతో మాట్లాడే 70 మీటర్ల డిష్ యాంటెన్నా నిలబెట్టింది. నాసా తన మూడు 64 మీటర్ల డిష్‌లను 1980ల చివరికల్లా 70 మీటర్లకు పెంచింది. కుజుడి దగ్గరికి తియాన్‌వెన్-1ను పంపినప్పుడు చైనా తియాన్‌జిన్ దగ్గర వూచింగ్‌లో కట్టుకున్న డిష్ కూడా 70 మీటర్లదే. నలభై ఏళ్ల తేడా, మూడు దేశాలు, అదే అంకె. పెద్దది కట్టడం చేతగాక కాదు. ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ డిష్ 1957లోనే 76 మీటర్లు. జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్ డిష్ 1970ల మొదటినుంచీ 100 మీటర్ల వ్యాసంతో ఆకాశంలో ఏ మూలకైనా తిరుగుతోంది. అవి ప్రధానంగా రేడియో ఖగోళ పరిశోధన కోసం కట్టినవి. అంతరిక్ష నౌకలతో సంభాషించడానికి కట్టేవాళ్లు మాత్రం 70 దగ్గర ఆగారు. ఆగడమే కాదు, వెనక్కి మళ్లి 34, 35 మీటర్ల డిష్‌లను వరసగా కడుతున్నారు.

డిష్ సత్తాను వ్యాసం ఒక్కటే తేల్చదు. లోహపు తలం ఎన్ని మిల్లీమీటర్లు తప్పింది, రిసీవర్‌లో ఎన్ని కెల్విన్‌ల నాయిస్, అంటే రొద, చేరింది, గురి డిగ్రీలో ఎన్ని వెయ్యో వంతులు జారింది అన్నవి కూడా తేలుస్తాయి. వ్యాసం పెరిగేకొద్దీ ఈ మూడింటినీ అదుపులో పెట్టడం కష్టమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. పెద్ద డిష్‌ల చరిత్రలో ఎక్కువ భాగం ఈ మూడింటితో చేసిన పోరాటమే.

చేతికందేది ఎంత

సుదూరానికి వెళ్లిపోయిన నాసా నౌక వాయేజర్-1నే తీసుకుందాం. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి సుమారు 20 వాట్లు. 3.7 మీటర్ల డిష్ ఆ శక్తిని భూమి వైపు కేంద్రీకరించి 60 వేల రెట్లకు పైగా తీవ్రం చేస్తుంది. దూరం దాదాపు 2,500 కోట్ల కిలోమీటర్లు. అంత దూరం పరుచుకుని వచ్చేసరికి నేలమీద ఒక చదరపు మీటరుకు చేరే శక్తి చాలా స్వల్పం. 70 మీటర్ల డిష్ వైశాల్యం 3,850 చదరపు మీటర్లు. దాంట్లో నిజంగా పనికొచ్చేది మూడింట రెండు వంతులు. మొత్తం పోగుచేస్తే రిసీవర్‌కు అందేది దశాంశ బిందువు తరువాత 18 సున్నాలు పెట్టి 4 రాసినన్ని వాట్లు.

ఇంత చిన్న శక్తి పనికిరాదని చెప్పలేం. దాన్ని దేనితో పోల్చాలో చూడాలి. పరమశూన్యం కన్నా వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ రేడియో తరంగాల్లో రొద చేస్తుంది. ఆ రొదను ఇంజనీర్లు కెల్విన్‌లలో కొలుస్తారు. మంచి డీప్ స్పేస్ స్టేషన్‌లో ఆకాశం, వాతావరణం, డిష్, ఆంప్లిఫయర్ అన్నీ కలిపి ఎక్స్ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీ శ్రేణిలో 20 కెల్విన్‌ల దగ్గర ఉంటుంది. వాయేజర్ సెకనుకు 160 బిట్‌లు పంపుతుంటే, ఒక్కో బిట్ వెంట వచ్చే శక్తి ఈ రొద కన్నా సుమారు 9 రెట్లు ఎక్కువ. వాయేజర్ వాడే దోష నివారణ కోడ్‌కు రెట్టింపు ఉన్నా సరిపోతుంది. మిగిలినదాంట్లోంచి సమాచారాన్ని మోసే క్యారియర్ తరంగానికి వాటా ఇవ్వాలి, గురి జారితే పోయేది, డిష్ నేలబారుగా వంగినప్పుడు పెరిగే రొద కూడా అందులోంచే పోవాలి. అదే పనికి ఒక్క 34 మీటర్ల డిష్ పెడితే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. 9 రెట్లు రెండుకు చేరి, అంచుమీద నిలబడుతుంది.

ఈ లెక్కలో మెరుగుదలకు దారులు కొన్నే. వైశాల్యం పెంచాలి, లేదా రొద తగ్గించాలి, లేదా ఫ్రీక్వెన్సీ పెంచాలి. రెండు వైపులా డిష్‌లు మార్చకుండా 2.3 గిగాహెర్ట్జ్ ఎస్ బ్యాండ్ నుంచి 8.4 గిగాహెర్ట్జ్ ఎక్స్ బ్యాండ్‌కు మారితే అందే శక్తి, కాగితం మీద, 13 రెట్లు పెరుగుతుంది. 26 మీటర్ల డిష్ పక్కన పెట్టి 64 మీటర్లది కడితే వచ్చేది 6 రెట్లే. బ్యాండ్ మార్పు ఇంత చౌకగా కనిపించినా దాని షరతు కఠినం. తరంగం పొట్టిదయ్యేకొద్దీ డిష్ ఉపరితలంలో తప్పుకు చోటు తగ్గిపోతుంది.

ఒక్క మిల్లీమీటరు ధర

తలంలోని ఎగుడుదిగుళ్ల వల్ల ఎంత శక్తి పోతుందో చెప్పే సూత్రాన్ని జాన్ రూజ్ 1950ల్లో తేల్చారు. యాంటెన్నా ఇంజనీర్లకు ఈ సూత్రం నోటికి వచ్చు. సగటు దోషాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి, 12.57తో హెచ్చించి, వర్గం చేస్తే వచ్చే అంకె ఘాతాంకంగా నష్టాన్ని పెంచుతుంది. దోషం సరిగ్గా 1 మిల్లీమీటరు అనుకుందాం. 13 సెంటీమీటర్ల ఎస్ బ్యాండ్ తరంగానికి నష్టం 1 శాతం, ఎవరూ పట్టించుకోరు. 3.6 సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్‌కు 12 శాతం. 9.4 మిల్లీమీటర్ల కేఏ బ్యాండ్‌కు 83 శాతం. అంటే ఎస్ బ్యాండ్‌కు దాదాపు నిర్దుష్టమైన డిష్ కేఏ బ్యాండ్ దగ్గర ఆరో వంతు పనే చేస్తుంది. దోషాన్ని 0.3 మిల్లీమీటర్లకు దించితే అదే కేఏ బ్యాండ్‌లో నష్టం 15 శాతానికి వస్తుంది.

70 మీటర్ల వెడల్పున్న ఉక్కు చట్రం మీద, ఎండలో, గాలిలో, వంగుతూ లేస్తూ తిరిగేదాన్ని మిల్లీమీటరు లోపు పట్టి ఉంచడం అసలు సమస్య. నిటారుగా పైకి చూస్తున్న డిష్ అంచులు కిందికి జారతాయి. దిగంతం వైపు వంగినప్పుడు పై సగం ఒకలా, కింది సగం మరోలా కుంగుతుంది. చట్రం ఎంత బలంగా చేస్తే బరువు అంత పెరుగుతుంది, ఆ బరువే మళ్లీ కుంగదీస్తుంది. అందుకే ఇంజనీర్లు పూర్తి బిగువు మీద ఆశ వదిలి రాజీ మార్గాలు వెతికారు. మొదటిది, పలకలను డిష్ 45 డిగ్రీల ఎత్తు చూస్తున్నప్పుడు సరైన ఆకారం వచ్చేలా బిగించడం. అప్పుడు తప్పు నెత్తిన సగం, దిగంతం దగ్గర సగం పంచుకుంటుంది. రెండోది, 1960ల్లో సెబాస్టియన్ ఫాన్ హోర్నర్ చెప్పిన ఆలోచన: చట్రాన్ని వంగనివ్వాలి, కానీ ఒక పారాబొలా నుంచి మరో పారాబొలాకే వంగేలా ఉక్కు పంచాలి. నాభి మాత్రం కాస్త జరుగుతుంది, డిష్ ముందు బిగించిన చిన్న అద్దాన్ని, అంటే సబ్‌రిఫ్లెక్టర్‌ను, కంప్యూటర్ జరిపి దాన్ని అందుకుంటుంది. ఎఫెల్స్‌బర్గ్ 100 మీటర్లు సాధ్యమైంది దీనివల్లే.

ఎండ దెబ్బ మరో రకం. ఒక పక్క ఎండ, మరో పక్క నీడ పడితే ఉక్కు అసమానంగా సాగుతుంది. డిష్‌లకు తెల్లరంగు వేసేది ఇందుకే, అదీ మెరవని తెలుపు. మెరిసే తెలుపైతే డిష్ సూర్యుడి వైపు తిరిగినప్పుడు వేడినంతా సబ్‌రిఫ్లెక్టర్ మీదికి గురిపెడుతుంది.

26 నుంచి 64కు

నాసా ఏర్పడిన ఏడాదే, 1958లో, కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో గోల్డ్‌స్టోన్ దగ్గర మొదటి 26 మీటర్ల డిష్ లేచింది. రేడియో ఖగోళం కోసం అప్పటికే ఉన్న నమూనాను జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ తెచ్చి వాడుకుంది. పయనీర్-4 నౌకను 1959 మార్చిలో 6.55 లక్షల కిలోమీటర్ల దాకా వెంటాడింది ఇదే. దాని ప్రధాన అక్షం భూమి అక్షానికి సమాంతరంగా వాలి ఉండేది. దూరపు అంతరిక్ష నౌక ఆకాశంలో దాదాపు నక్షత్రంలాగే కదులుతుంది కాబట్టి ఒక్క అక్షం మీద ఒకే వేగంతో తిప్పితే చాలు, కంప్యూటర్ అక్కర్లేదు. చిక్కేమిటంటే వాలుగా ఉన్న అక్షం మీద వేలాడే డిష్ బరువు ఏ వైపు పడుతుందో గంట గంటకూ మారుతుంది. 26 మీటర్ల దాకా ఇది భరించదగిందే. 64 మీటర్లకు కాదు.

గోల్డ్‌స్టోన్‌లో 1966లో మొదలైన 64 మీటర్ల 'మార్స్' స్టేషన్ అందుకే నిటారు అక్షానికి మారింది. ఆస్ట్రేలియాలో 1961లో వచ్చిన పార్క్స్ 64 మీటర్ల రేడియో టెలిస్కోప్ అనుభవం దీనికి బాగా పనికొచ్చింది. నిటారు అక్షం ఉంటే బరువు ఎప్పుడూ నేరుగా కిందికే పడుతుంది. నష్టం రెండు చోట్ల. నక్షత్రాన్ని వెంటాడాలంటే రెండు అక్షాలూ మారుతున్న వేగాలతో కలిసి తిరగాలి. పైగా లక్ష్యం సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు డిష్ ఒక్కసారిగా 180 డిగ్రీలు మళ్లాలి.

మొదటి చిక్కుకు అప్పటి పరిష్కారం చూడముచ్చటగా ఉంటుంది. డిష్‌ను మోసే స్తంభం లోపల, దాన్ని ఎక్కడా తాకకుండా, సొంత పునాది మీద మరో సన్నటి గోపురం కట్టారు. దాని కొనమీద భూమి అక్షానికి సమాంతరంగా తిరిగే ఒక చిన్న అద్దం. దాని పేరు మాస్టర్ ఈక్వటోరియల్. అది మాత్రమే ఆకాశాన్ని కచ్చితంగా వెంటాడుతుంది. డిష్‌కు బిగించిన కాంతి పరికరం ఆ అద్దాన్ని చూస్తూ, తేడా వచ్చినకొద్దీ వేల టన్నుల డిష్‌ను దాని వెంట లాక్కుపోతుంది. గాలి తాకేది డిష్‌కే, అద్దానికి కాదు.

బరువు మోసే పద్ధతి మరీ విచిత్రం. తిరిగే భాగం మూడు ప్యాడ్‌ల మీద కూర్చుంటుంది. ప్యాడ్‌కూ దాని కింది ఉక్కు వలయానికీ మధ్య పంపు ఒత్తిడితో నూనె ఎక్కిస్తే, కాగితం మందం పొర మీద 30 లక్షల కిలోలకు పైగా బరువు తేలుతుంది. ఘర్షణ దాదాపు ఉండదు. కానీ పొర అంత పలచన కాబట్టి కింది వలయం అంతకన్నా చదునుగా ఉండాలి, దాని కింది గ్రౌటు (సందులు నింపే సిమెంటు మిశ్రమం) కదలకూడదు. గోల్డ్‌స్టోన్ బాధ అక్కడే మొదలైంది. కాంక్రీటులోని రాయికీ సిమెంటులోని క్షారానికీ మధ్య రసాయన చర్య జరిగి స్తంభం పైభాగం బలం కోల్పోయింది. వలయం కుంగినచోట నూనె పొర పలచబడి, లోహం లోహానికి తగిలే పరిస్థితి వచ్చింది. 1980ల్లో పెద్ద మరమ్మతు చేశారు. 2010లో మళ్లీ తిరిగే భాగాన్నంతా జాకీలతో సుమారు 5 మిల్లీమీటర్లు లేపి, అలా నిలిపి ఉంచి, బేరింగ్ పనులు చేశారు. ఆ పనికి దాదాపు 8 నెలలు పట్టింది, ఖర్చు 12.5 లక్షల డాలర్లు. కొత్త 34 మీటర్ల డిష్‌లు నూనె జోలికి పోకుండా ఉక్కు చక్రాల మీద, గుండ్రటి పట్టా మీద తిరుగుతాయి. వాటికీ పట్టా అతుకుల దగ్గర అరుగుదల, గ్రౌటు పగుళ్లు ఉన్నాయి. కాకపోతే ఒక చక్రాన్నో పట్టా ముక్కనో మార్చడానికి మొత్తం డిష్‌ను నెలల తరబడి పైకెత్తి కూర్చోనక్కర్లేదు.

ఆరు మీటర్లు ఎందుకు కలిపారు

వాయేజర్-2 1989 ఆగస్టులో నెప్ట్యూన్‌ను చేరబోతోంది. అక్కడి నుంచి చిత్రాలు రావాలంటే 64 మీటర్ల డిష్‌లు చాలవు. మూడింటినీ 70కి పెంచారు. వైశాల్యంలో పెరుగుదల 20 శాతమే, ఇంజనీర్ల కొలమానంలో 0.8 డెసిబెల్ (10 డెసిబెల్లంటే పది రెట్లు). కానీ ఎక్స్ బ్యాండ్‌లో చేతికొచ్చింది సుమారు 2 డెసిబెల్లు, ఒకటిన్నర రెట్లు. ఎక్కువ వాటా అదనపు ఆరు మీటర్లది కాదు. పలకలను కొత్తగా, మరింత కచ్చితంగా చేయడం, డిష్, సబ్‌రిఫ్లెక్టర్ ఆకారాలను శుద్ధ పారాబొలా నుంచి కొద్దిగా మళ్లించి శక్తి డిష్ అంతటా సమంగా పడేలా మలచడం, ఈ రెండూ తెచ్చినదే ఎక్కువ.

పలకలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే మారింది. అంతవరకు కోణాలు కొలిచే థియొడొలైట్ పెట్టి గుర్తులను చూసి కొలిచేవారు. 1980ల్లో మైక్రోవేవ్ హోలోగ్రఫీ వచ్చింది. ఒక భూస్థిర ఉపగ్రహం పంపే స్థిర సంకేతం తీసుకుంటారు. పక్కనే 3 మీటర్ల లోపు చిన్న యాంటెన్నాను దానివైపు కదలకుండా పెడతారు. పెద్ద డిష్‌ను ఉపగ్రహం చుట్టూ గడిగడిగా జరుపుతూ, ప్రతి బిందువు దగ్గరా చిన్న యాంటెన్నాతో పోల్చి సంకేతం బలాన్నీ దశనూ (తరంగం ఆ క్షణాన ఏ స్థానంలో ఉందో) నమోదు చేస్తారు. 34 మీటర్ల డిష్‌పై అర మీటరు వివరం కావాలంటే కనీసం 70 వరసలు, వరసకు 70 బిందువులు, అంటే 4,900 కొలతలు. ఆ పట్టికకు ఫూరియర్ పరివర్తన అనే గణిత పద్ధతి వర్తింపజేస్తే డిష్ తలం పటం బయటికి వస్తుంది: ఏ పలక ఏ మూల ఎన్ని మైక్రాన్లు లేచిందో, దాని స్క్రూను ఎటు ఎంత తిప్పాలో. తిప్పాక మళ్లీ కొలవాలి. తప్పులు దొర్లేది కొలత సాగే గంటల్లో. ఎండ మారితే డిష్ ఆకారమే మారిపోతుంది, అందుకే రాత్రిపూట చేస్తారు. రిసీవర్ దశ జారుతుంటుంది కాబట్టి మధ్యమధ్యలో డిష్‌ను నేరుగా ఉపగ్రహం మీదికి తెచ్చి సరిచూసుకోవాలి. భూస్థిర ఉపగ్రహం గోల్డ్‌స్టోన్ ఆకాశంలో 49 డిగ్రీలకు మించి లేవదు. అదృష్టవశాత్తూ పలకలు బిగించే 45 డిగ్రీలకు అది దగ్గరే. నెత్తిన, దిగంతాన డిష్ ఎలా ఉందో మాత్రం వేరే దారిన రేడియో నక్షత్రాలతో చూసుకోవాలి.

రొద దాచుకునే చోట్లు

రిసీవర్ ముందు ఒక 0.1 డెసిబెల్ నష్టం ఎవరి కంటికీ ఆనదు. శక్తిలో అది 2 శాతం. కానీ ఆ నష్టం గది ఉష్ణోగ్రతలో ఉన్న గొట్టంలో జరిగితే రొద 6.6 కెల్విన్ పెరుగుతుంది. మొత్తం 20 కెల్విన్‌లు ఉన్నచోట అది మూడో వంతు. అందుకే ఆంప్లిఫయర్‌ను, డిష్ పోగుచేసిన తరంగాలను అందుకునే ఫీడ్ హారన్ వెనకే, వీలైనంత దగ్గరగా పెడతారు. 1960ల నుంచి ద్రవ హీలియంలో, 4.5 కెల్విన్ దగ్గర మేజర్లు (అతి తక్కువ రొద చేసే ఒక రకం మైక్రోవేవ్ ఆంప్లిఫయర్లు) వాడారు. తరువాత 12, 15 కెల్విన్‌ల దగ్గర పనిచేసే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు చాలాచోట్ల వాటి స్థానంలోకి వచ్చాయి. డిష్ అంచు దాటి చూసే ఫీడ్‌కు 300 కెల్విన్‌ల నేల కనిపిస్తుంది, అలా ఒక్క శాతం జారినా 3 కెల్విన్‌లు. వాతావరణం నెత్తిన 2 కెల్విన్‌లు చేర్చితే 10 డిగ్రీల ఎత్తులో దాదాపు ఆరు రెట్లు చేరుస్తుంది. ఆకాశంలో ఎప్పటికీ తప్పనిది 2.7 కెల్విన్‌ల విశ్వ నేపథ్యం.

70 మీటర్ల డిష్‌లో ఈ శీతల యంత్రాలన్నీ డిష్ మధ్యలో లేచిన మూడు కోన్‌లలో ఉంటాయి. ఏది కావాలంటే దానివైపు సబ్‌రిఫ్లెక్టర్ తిరుగుతుంది. డిష్ వాలినప్పుడు యంత్రాలూ వాలుతాయి. మరమ్మతుకు పైకెక్కాలి. ఫీడ్ మీది పొరపై వాన నీరు నిలిస్తే రొద ఒక్కసారిగా పెరుగుతుంది. 1990లో గోల్డ్‌స్టోన్‌లో ప్రయోగాత్మకంగా కట్టిన 34 మీటర్ల బీమ్ వేవ్‌గైడ్ డిష్ దీన్ని తిరగేసింది. డిష్ మధ్యలో రంధ్రం, దాని వెంట అద్దాల వరస. కిరణం అక్షాల మీదుగా మలుపులు తిరుగుతూ నేలమట్టం కింద ఉన్న గదిలోకి దిగుతుంది. డిష్ ఎటు తిరిగినా ఆ గదిలో యంత్రాలు కదలవు. ట్రాన్స్‌మిటర్‌కు నీళ్ల గొట్టాలు, హీలియం యంత్రాలు, కొత్త ఫీడ్‌ల ప్రయోగాలు అన్నీ నేలమీద నిలబడి చేసుకోవచ్చు. అద్దాలు తమ వంతుగా కొన్ని కెల్విన్‌లు చేర్చుతాయి నిజమే. అయినా ఆ బేరం లాభమే. నాసా ఆ తరువాత కట్టినవాటిలో ఎక్కువ ఈ రకమే.

గురి

ఎక్స్ బ్యాండ్‌లో 70 మీటర్ల డిష్ బీమ్ వెడల్పు 0.032 డిగ్రీలు, చంద్రబింబంలో పదహారో వంతు. గురి 0.005 డిగ్రీలు తప్పితే పోయేది 7 శాతం. అదే తప్పు 34 మీటర్ల డిష్ కేఏ బ్యాండ్‌లో చేస్తే 20 శాతానికి పైనే పోతుంది, అక్కడ బీమ్ 0.017 డిగ్రీలే కాబట్టి. 10 డిగ్రీల ఎత్తులో వాతావరణం సంకేతాన్ని సుమారు 0.09 డిగ్రీలు వంచుతుంది. లెక్కలో దాన్ని మరిచిపోతే డిష్ బీమ్ వెడల్పుకు దాదాపు మూడు రెట్ల దూరాన శూన్యాన్ని చూస్తూ కూర్చుంటుంది. పట్టా ఎత్తుపల్లాలు, అక్షాలు సరిగ్గా లంబంగా లేకపోవడం, కుంగుదల, వీటన్నిటికీ రేడియో నక్షత్రాలను ఆకాశమంతటా చూసి సవరణ పట్టిక తయారుచేస్తారు. మరమ్మతు జరిగిన ప్రతిసారీ అది పాతబడుతుంది.

నిటారు అక్షం డిష్‌కు నడినెత్తి గుడ్డిచోటు. సెకనుకు అర డిగ్రీ తిరగగలిగినా సగం చుట్టు తిరగడానికి 6 నిమిషాలు కావాలి. నాసా కేంద్రాలు గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్ (స్పెయిన్), కాన్‌బెర్రా (ఆస్ట్రేలియా) మూడూ 35, 40 డిగ్రీల అక్షాంశాల్లో ఉన్నాయి. గ్రహాలు అక్కడ నడినెత్తికి రావు కాబట్టి వాళ్లకది పెద్ద బాధ కాదు. బెంగళూరు అక్షాంశం 13 డిగ్రీలు. చంద్రుడూ గ్రహాలూ అక్కడ నెత్తిమీదుగా పోతాయి, ఆ నిమిషాలకు షెడ్యూల్‌ను ముందే చూసుకోవాలి.

మరో హద్దు తీగలది. డిష్ ఒకే వైపు ఎంతసేపైనా తిరగలేదు. మధ్యలో దిగే తీగలు, గొట్టాలు మెలిపడతాయి. గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల డిష్ 2025 సెప్టెంబరు 16న ఆ హద్దు దాటి తిరిగింది. మధ్యలోని తీగలు, పైపులు దెబ్బతిన్నాయి, అగ్నిమాపక గొట్టాలు తెగి లోపల నీరు నిండింది, డిష్ సేవ ఆగిపోయింది. అరవై ఏళ్ల యంత్రానికి ఇంత మామూలు కారణం సరిపోయింది.

చిన్నవాటిని కలిపితే

డిష్ ఖర్చు వ్యాసానికి సుమారు 2.7వ ఘాతంలో పెరుగుతుందని ఈ రంగంలో ఒక మోటు అంచనా. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం 4 రెట్లు, ఖర్చు ఆరున్నర రెట్లు. నాలుగు 34 మీటర్ల డిష్‌ల వైశాల్యం కలిపితే 3,630 చదరపు మీటర్లు, ఒక 70కి కొంచెమే తక్కువ. నాలుగింటిలో ఒకటి మరమ్మతుకు వెళ్తే ముప్పావు వంతు మిగులుతుంది. పని లేనప్పుడు నాలుగూ నాలుగు నౌకలను చూసుకుంటాయి. పైగా 34 మీటర్ల తలాన్ని కేఏ బ్యాండ్‌కు సరిపడేంత నునుపుగా ఉంచడం సాధ్యం.

డౌన్‌లింక్‌కు, అంటే నౌక మాట వినడానికి, డిష్‌లను కలపడం కొత్త కాదు. యెవ్‌పతోరియాలో 1960లో సోవియట్లు 16 మీటర్ల డిష్‌లు ఎనిమిదింటిని ఒకే చట్రం మీద పేర్చారు. వాయేజర్-2 యురేనస్ దగ్గర ఉన్నప్పుడు 1986లో పార్క్స్‌ను కాన్‌బెర్రాతో జతచేశారు. నెప్ట్యూన్ సమయానికి న్యూ మెక్సికోలోని 25 మీటర్ల 27 డిష్‌ల రేడియో టెలిస్కోప్‌కు ఎక్స్ బ్యాండ్ రిసీవర్లు బిగించి గోల్డ్‌స్టోన్‌తో కలిపారు. గెలీలియో నౌక ప్రధాన యాంటెన్నా 1991లో తెరుచుకోక, గురుడి దగ్గర చిన్న యాంటెన్నాతో నెట్టుకొచ్చినప్పుడు, సెకనుకు 160 బిట్‌ల దాకా రాబట్టింది కూడా కొంత ఈ కలయికే, కొంత డేటాను కుదించి పంపడం. ప్రతి డిష్‌కూ సంకేతం కాస్త కాలం తేడాతో వస్తుంది. రికార్డు చేసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఆలస్యం సరిచేసి కూడితే సంకేతం కలుస్తుంది, రొద కలవదు.

అప్‌లింక్‌కు, అంటే నౌకకు ఆదేశాలు పంపడానికి, ఈ వెసులుబాటు లేదు. అన్ని డిష్‌ల తరంగాలూ నౌక దగ్గరే ఒకే దశలో కలవాలి. 7.2 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం 4.2 సెంటీమీటర్లు, ఒక్క సెంటీమీటరు తేడా పావు తరంగం. తప్పిందో లేదో నౌక చెప్పేసరికి గంటలు గడుస్తాయి, ఈలోపు వాతావరణం మారిపోతుంది. అందుకే గొంతెత్తి పిలవాల్సి వస్తే ఇప్పటికీ 70 మీటర్ల డిష్‌దే భారం. వాయేజర్-2 నెప్ట్యూన్ తరువాత దక్షిణానికి మళ్లింది, ఉత్తరార్ధగోళానికి కనిపించదు. దానికి ఆదేశాలు పంపగలిగేది కాన్‌బెర్రాలోని 70 మీటర్ల డిష్ ఒక్కటే. 2020 మార్చి నుంచి 2021 ఫిబ్రవరి వరకు దాన్ని మరమ్మతుకు ఆపినప్పుడు నౌక మాటలు చిన్న డిష్‌లతో విన్నారు, తిరిగి చెప్పడం మాత్రం నెలల పాటు కుదరలేదు. 2023 జూలైలో తప్పుడు ఆదేశం వల్ల వాయేజర్-2 యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరిగింది. కాన్‌బెర్రా డిష్ అత్యధిక శక్తితో ఆదేశం పంపింది. అది చేరడానికి 18.5 గంటలు, ఫలితం తెలియడానికి మొత్తం 37 గంటలు పట్టాయి.

బైలాలు

బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బైలాలు గ్రామం దగ్గర చంద్రయాన్-1 కోసం ఇస్రో 2008లో డీప్ స్పేస్ కేంద్రం నెలకొల్పింది. చుట్టూ గట్లున్న పళ్లెం లాంటి నేల బయటి రేడియో రొదను అడ్డుకుంటుంది. అక్కడి 32 మీటర్ల డిష్ తయారీ బాధ్యత హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్‌ది. చక్రాల మీద తిరిగే బీమ్ వేవ్‌గైడ్ రకం. ఎస్ బ్యాండ్‌లో 20 కిలోవాట్లు, ఎక్స్ బ్యాండ్‌లో 2.5 కిలోవాట్లు పంపగలదు.

రిసెప్షన్‌లో దాని ఎక్స్ బ్యాండ్ సామర్థ్యం, అంటే గెయిన్‌ను (సంకేతాన్ని పోగుచేసే బలాన్ని) రొదతో భాగించిన అంకె, 45 డిగ్రీల ఎత్తులో నిర్మలమైన ఆకాశానికి 51 డెసిబెల్లు. నాసా 70 మీటర్ల డిష్‌కు ఇది 61 దగ్గర ఉంటుంది. తేడా 10 రెట్లు. వ్యాసం ఒక్కటే కారణమైతే తేడా 5 రెట్ల లోపే ఉండాలి. మిగతా రెట్టింపు ఎక్కువగా రొద దగ్గర పోతోంది. ఆంప్లిఫయర్‌ను మరింత చల్లబరచడం, ముందున్న నష్టాలను పదో వంతు డెసిబెల్లలో కోసెయ్యడం 70 మీటర్ల డిష్ కట్టడం కన్నా ఎన్నో రెట్లు చౌక.

అయినా బైలాలు ఒక్కటే ఎంత మెరుగైనా తీరనిది ఒకటుంది. కుజుడు రోజులో సగం సేపు అక్కడి దిగంతం కింద ఉంటాడు. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళ్‌యాన్‌ను ఆ గంటల్లో గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రా చూసుకున్నాయి.